గుడ్విన్ ఇంటి మేడగది

ముగ్గురు పిల్లల్ని బడికి పంపి, గిన్నెలు కడుక్కుని, ఆ తర్వాత పుస్తకం పట్టుకుని నలభయ్యో ఏట డాక్టరేట్ తెచ్చుకుంది ఎస్తర్ డెన్నెట్. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు ఏలుబడిలో ఉన్న కాలంలో మెయిన్ రాష్ట్రపు సముద్రతీరాన బతికిన మామూలు ఆడవాళ్ల మీద ఆమె పరిశోధన. గవర్నర్ల భార్యలు కాదు. నూలు వడికినవాళ్లు, పాలు పితికినవాళ్లు, పురుళ్లు పోసినవాళ్లు. ఆమె పాఠాలు చెప్పే యూనివర్సిటీలో చరిత్ర శాఖ పెద్ద హాలొవెల్‌కి అది మింగుడుపడేది కాదు.

"మీ ఆడవాళ్లు ఒక్క ముక్క రాసిపెట్టి పోలేదు కదమ్మా. సాక్ష్యం లేకపోతే అవి వంటింటి కబుర్లే," అనేవాడు నవ్వుతూ.

పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది మార్చిలో ఒక శనివారం, ఆమెను పర్మనెంట్ చెయ్యాలా, ఇంటికి పంపాలా అని తేల్చడానికి కమిటీ కూర్చుంటోంది. ఎస్తర్ ఉన్నవాటిలో మంచి కోటు వేసుకుని, మంచు కరిగిన బురదలో కారు నడుపుకుంటూ బయల్దేరింది. మలుపు తిరగ్గానే గుడ్విన్ ఇంటి ముందు ఫైరింజను కనిపించింది. ఆమె కారాపి దిగింది. ఫైర్ దళంలో కొత్తగా చేరినవాళ్ల శిక్షణకని పాడుబడ్డ ఇళ్లు తగలబెట్టడం ఆ ఊళ్లో మామూలే. కానీ ఇది రెండున్నర శతాబ్దాల ఇల్లు. ముసలి గుడ్విన్ బతికున్నన్నాళ్లూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయాక వారసులు ఇంటిని ఊరికి వదిలేశారు.

ఫైర్ దళానికి పెద్ద వారెన్ లిబ్బీ. ఆమెతో బడిలో చదువుకున్నవాడే.

"వారెన్, ఆగు! ఒక్కసారి మేడ చూసొస్తాను."

"నీకేమన్నా మతిపోయిందా ఎస్తర్? లోపలంతా గడ్డి పరిచేశాం."

"బడిలో నీ లెక్కలన్నీ ఎవరు చేసిపెట్టారు?"

"ఇన్నేళ్లయినా అదే దెప్పుడా! సరే, పో. నేను కేకేస్తే మాత్రం మారుమాట్లాడకుండా దిగాలి."

మేడగదిలో నేలంతా మందపాటి పాత పట్టా పరిచి ఉంది. అంచు పట్టుకుని లాగింది. కింద పైన్ చెక్కలు. కిటికీ పక్కన ఒకచోట మాత్రం చెక్క సన్నటి కాలిబాటలా అరిగి గుంటపడి ఉంది. ఎస్తర్ మోకాళ్ల మీద కూర్చుంది. ఉన్ని వడికే పెద్ద రాట్నం దగ్గర ఆడవాళ్లు కూర్చోరు. ఒక చేత్తో చక్రం తిప్పి, పోగు పట్టుకుని వెనక్కి నడుస్తారు, మళ్లీ ముందుకొస్తారు. తల్లులు, కూతుళ్లు, కోడళ్లు నడిచి నడిచి చేసిన గుంట అది. ఆమె దానిమీద అరచెయ్యి ఆనించింది.

అప్పుడే పొగ వాసన తగిలింది. లోపల ఎవరూ లేరనుకుని పెరటివైపు వాళ్లు నిప్పు పెట్టేశారు.

"ఎస్తర్! దిగు!"

"ఈ చెక్కలు ఊడదియ్యకుండా దిగను!"

వారెన్ తిట్టుకుంటూ గొడ్డలితో మెట్లెక్కాడు. "ఏముంది వీటిల్లో, బంగారమా?"

"మనుషులున్నారు. కొట్టు!"

మేకులు మొండికేశాయి. కింద గడ్డి అంటుకుని నేల వేడెక్కుతోంది. కళ్లు మండి ఏమీ కనబడటం లేదు. రెండు చెక్కలు ఊడొచ్చాయి. మూడోది సగానికి విరిగింది. దాన్ని వదిలేసి, రెంటినీ కిటికీలోంచి విసిరి, ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగారు. బయటపడ్డాక వారెన్ దగ్గుతూనే తన మనుషుల్ని ఊరంతా వినబడేలా తిట్టాడు.

మసి మొహంతో ఆమె వెళ్లేసరికి కమిటీ లేవబోతోంది. ఎస్తర్ ఒక చెక్కను బల్లమీద పెట్టింది. ఒకాయన ఆ గుంటలో చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"పాత ఇళ్లలో నేల అరుగుతుంది డాక్టర్ డెన్నెట్," అన్నాడు హాలొవెల్.

"గుమ్మం దగ్గర అరగలేదు సార్. గది మధ్యలోనూ అరగలేదు. కిటికీ వెలుగులో, రాట్నం ఉండేచోటే అరిగింది. ఎందుకో మీరే చెప్పండి."

హాలొవెల్ గడియారం చూసుకున్నాడు.

ఒక్క ఓటు తేడాతో ఆమె ఉద్యోగం పోయింది. ఆ వేసవిలో సామాను మొయ్యడానికి వారెన్ తన ట్రక్కు తెచ్చాడు. "ఆ రోజు నిప్పే పెట్టనివ్వకుండా ఉండాల్సింది," అన్నాడు ఆమె వైపు చూడకుండా. అతను మోస్తున్న పెట్టెకు రెండోవైపు ఎస్తర్ పట్టుకుంది.

దగ్గర్లోని పోర్ట్‌లండ్ పట్నంలో ఒక చిన్న కాలేజీ ఆమెను తీసుకుంది. ఆ ఆడవాళ్ల మీద ఆమె రాసిన పుస్తకం బయటికి రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఈలోగా ఏ ఇంటికి నిప్పు పెట్టాలన్నా వారెన్ ముందు ఆమెకే ఫోన్ చేసేవాడు. ఆమె టార్చిలైటు పట్టుకుని వచ్చేది. చాలా ఇళ్లలో ఏమీ దొరికేది కాదు.