మగ్గం గుంతలో పిలుపు

1961 చలికాలం. అప్పుడు నేను హుస్నాబాద్ సర్కారు దవాఖానాలో నర్సును. దయ్యాలంటే నాకు భయం కంటే కోపం ఎక్కువ; వాటి పేరు చెప్పి రోగులను మా దాకా రానివ్వరని. అందుకే నేతకారుల వాడ నుంచి రాజవ్వ వచ్చి, "మా ఇంటాయనను సచ్చిపోయిన మా మామ పిలుస్తుండు సిస్టరమ్మా" అనగానే విసురుగా సంచి తగిలించుకున్నాను. ఇంటికి వెళ్లి రోగిని చూడడాన్ని మేం హోమ్ విజిట్ అంటాం.

మిట్టమధ్యాహ్నం. బయట ఎండ కళ్లలో పొడుస్తోంది. వాళ్ల ఇంట్లోకి అడుగుపెడితే నా చెయ్యి నాకే కనబడలేదు. ఉన్న ఒక్క కిటికీకి గోనెపట్టా కొట్టారు. చలిగాలికి నూలు పొడిబారి పోగులు తెగుతాయని, దీపావళి దాటగానే ఆ వాడలో అందరూ చేసే పనే. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక చూస్తే, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో రాజవ్వ భర్త మల్లేశం నడుం దాకా దిగి కూర్చున్నాడు. చేతిలో అడ్డపోగు నేసే నాడె ఉంది కానీ ఆడడం లేదు.

"ఎప్పటి సంది గిట్ల?" రాజవ్వను అడిగాను.

"ఏటా గింతే. దీపావళి పోంగనే మాట బందైతది, శివరాత్రికి మల్ల మనిషైతడు. మా మామ గూడ గిట్లనే ఉండె. గీ గుంతలనే, గీ చలిలనే పానం తీసుకున్నడు." గుంత వైపు చెయ్యి చూపించింది. "ఈయన గిప్పుడు తిండి గూడ బంద్ వెట్టిండు."

నాడి, బి.పి. చూశాను. తేడా ఏమీ కనబడలేదు. ఏమైందని మల్లేశాన్నే అడిగాను. గుంతలోకి చూస్తూ పలికాడు.

"బాపు కాళ్లువట్టి గుంజుతుండు. ఇంక జాలు, రారా కొడుకా అంటుండు."

"నువ్వేమన్నవ్?"

"వస్తనన్న."

నా కోపం ఎటో పోయింది. గుంతలో ఎవరూ లేరని చూపిస్తానని అతన్ని పైకి లేపి, నేనే దిగాను. చల్లదనం పాదాల నుంచి మోకాళ్లకు పాకింది. నన్నెవరూ పిలవలేదు. కానీ కాసేపటికి నాకూ లేవబుద్ధి కాలేదు. ఎవరైనా పిలిస్తే బాగుండుననిపించింది. రాజవ్వ చెయ్యి పట్టి లాగితే పైకొచ్చాను.

"ముందుగాల గా పట్టా పీకు!"

"అయ్యో, పోగులు తెగుతయమ్మా."

"పోగు తెగితె అతుకుతవ్ రాజవ్వా. మనిషి తెగితె?"

పట్టా పీకింది. అతన్ని ఒంటరిగా వదలొద్దని చెప్పి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి బలానికి మందులు ఇప్పించాను. ఆ వాడలో పొద్దున్నే వీధిలో పడుగు, అంటే బట్టకు నిలువు దారాలు, బారుగా పరిచి ఎండలో గంజి పట్టిస్తారు. మల్లేశం పేరున్న చీరల పనివాడు, ఆ పనికి ఎన్నడూ బయటికి రాలేదు. ఇప్పుడు రమ్మన్నాను.

"గంజి పనా? నలుగురు నవ్వరా?" అన్నాడు.

"నవ్వనీ. నవ్వేటోళ్ల నడుమనే ఉండు."

రోజూ పొద్దున్నే వెళ్లి వీధిలో నిలబెట్టేదాన్ని. మొదట్లో కొయ్యలా నిలబడ్డాడు. తర్వాత గంజి కుంచె అందుకున్నాడు. ఒకరోజు రాజవ్వ ఎదురొచ్చి, "సిస్టరమ్మా, అన్నం అడిగిండు" అని ఏడ్చేసింది. నాకూ కళ్లు నిండాయి.

వెలుతురు తగ్గే చలి రోజుల్లో కొందరికి మనసు కుంగిపోతుందనీ, అదీ ఒకరకం డిప్రెషన్ అనీ, పొద్దుటి వెలుగు దానికి మేలు చేస్తుందనీ చాలా ఏళ్లకు చదివాను. అప్పటికి నాకు తెలిసింది ఆ గుంత చీకటే. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ దయ్యం ఉందా లేదా అని వాదించలేదు. ముందు కిటికీ ఎక్కడుందో చూసేదాన్ని.

మరుసటి ఏడు దీపావళి దాటాక మళ్లీ గుంతలోనే ఉంటాడేమోనని ఆ వాడకు వెళ్లాను. మల్లేశం ఎండలో పడుగుకు గంజి పట్టిస్తున్నాడు.

"బాపు ఇంకా పిలుస్తుండా?" మెల్లగా అడిగాను.

తెరిచి ఉన్న ఇంటి తలుపు వైపు ఒకసారి చూశాడు.

"పిలుస్తనే ఉన్నడు సిస్టరమ్మా. నాతోని పనుంటె ఎండలకు రమ్మన్న."