మొరాయించిన మిషను ముందు మా బావ

మా బావ పోయాడన్న కబురు నాకు పరవాడలో, చెట్టు మీద ఉండగా వచ్చింది. కంపెనీ క్వార్టర్సులో కరెంటు తీగలకు తగులుతున్న కొమ్మలు కొడుతున్నాను. కింద నుంచి ఎవరో ఫోను ఎత్తి చూపించి దిగమన్నారు. దిగి చెవి దగ్గర పెట్టుకుంటే మా అక్క.

"తమ్ముడూ, టీ ఇద్దామని షాపులోకెళ్తే మీ బావ పలకట్లేదురా. ఎంత పిలిచినా పలకట్లేదు."

స్టూలు మీద కూర్చుని, గోడకు వాలి, అలాగే వెళ్లిపోయాడట. నేను అనకాపల్లి చేరేసరికి అక్క ఆయన చేతులకు సబ్బు రాసి గ్రీజు మరకలు రుద్దుతోంది. ఎంతకీ పోవడం లేదు. "ఒగ్గీ అక్కా, అలాగే ఉండనీ" అన్నాను. ఇది జరిగి నెల దాటింది.

మా బావ ఇంజన్లు బాగుచేసేవాడు. మందు కొట్టే స్ప్రేయర్లు, నీళ్ల మోటార్లు, చెట్లు కోసే రంపం మిషన్లు. నాతవరం వైపు నుంచి జీడితోటల రైతులు గోనెసంచుల్లో పెట్టుకుని తెచ్చేవారు. మిషను చూడగానే స్టార్టు చేసే తాడు లాగేసే అలవాటు ఆయనకు లేదు. ముందు మనిషిని కూర్చోబెట్టి, "ఆకర్న ఎప్పుడు తిరిగింది? అప్పుడేటి సేత్తన్నావు?" అని అడిగేవాడు. ఆ మనిషి చెప్పేదంతా విన్నాకే పానా పట్టేవాడు. స్విచ్చు, పెట్రోలు, ప్లగ్గు, గాలి. ఎప్పుడూ అదే వరస. "స్విచ్చు సూడకుండా ఇంజను ఇప్పినోడు మెకానిక్కు కాడు బావా" అనేవాడు నాతో.

ఒకసారి ఎలమంచిలి నుంచి ఒక పెద్దాయన రంపం మిషను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. చూస్తే స్విచ్చు ఆఫ్‌లో ఉంది, అంతే. నాకు నవ్వు ఆగలేదు. బావ నాకేసి ఒక చూపు చూసి, మిషను విప్పి, ఫిల్టరు దులిపి, గొలుసుకు నూనె రాసి, అప్పుడు స్టార్ట్ చేసి ఇచ్చాడు. స్విచ్చు మాట ఎత్తలేదు. ఆయన వెళ్లాక, "అంత దూరం మోసుకొచ్చేడు, సిన్నబుచ్చి పంపుతావేటి?" అన్నాడు.

అలాంటి మనిషితో నేను ఏడాదిపాటు మాట్లాడలేదు.

రంపం మిషనుకి ముందు పిడి దగ్గర ఒక రెక్క ఉంటుంది. కోస్తూండగా రంపం ఎగిరి మీదకొస్తే, చెయ్యి ఆ రెక్కకు తగిలి గొలుసు ఆగిపోతుంది. నా మిషనుకి అది విరిగిపోతే తీసి పారేశాను. అది లేకపోతేనే చేతికి వీలుగా ఉందనిపించింది. రిపేరుకు తీసుకెళ్తే బావ మాత్రం రెక్క పెట్టించుకునేదాకా ఆ మిషను ముట్టనన్నాడు. నలుగురు రైతుల ముందు నాకు పౌరుషం వచ్చింది. "నీకన్నా బాగా చేసేవాళ్లు ఊళ్లో లేరేటి?" అని మిషను ఎత్తుకుని వచ్చేశాను. అక్క ఎన్నిసార్లు పిలిచినా ఆ గుమ్మం తొక్కలేదు.

ఆ తర్వాతి ఏడు తుఫాను వచ్చింది. తెల్లారేసరికి మా వీధి చివర మాస్టారి ఇంటి మీద నిద్రగన్నేరు చెట్టు పడి ఉంది. గేటూ వరండా కనబడడం లేదు. మాస్టారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. గాలివాన వల్ల అప్పటికే ఒక రోజు తప్పింది. మొహం ఉబ్బిపోయి, కిటికీ దగ్గర కూర్చుని ఆయాసపడుతున్నారు. మెయిన్ రోడ్డు మీద కారు సిద్ధంగా ఉంది.

నా మిషను రెండు కొమ్మలు కోసి ఆగిపోయింది. చోక్ పెట్టి లాగాను, తీసి లాగాను. భుజం పడిపోయింది. మాస్టారి భార్య కిటికీలోంచి, "ఏటి బాబూ, అవ్వదా?" అని అడిగింది. కోపం ఆగక మిషనుని బురదలోకి విసిరేశాను.

వెనక నుంచి ఎవరో దాన్ని ఎత్తారు. చూస్తే మా బావ. నేను కబురు పెట్టలేదు. మోకాలి లోతు నీళ్లలో, సంచి భుజాన వేసుకుని, తనే వచ్చాడు.

"ఆకర్న ఎప్పుడు తిరిగింది బావా?" అన్నాడు, నిన్నటి మాటకు కొనసాగింపులాగా.

చెప్పాను. స్విచ్చు చూశాడు. ప్లగ్గు విప్పి వాసన చూశాడు. "పెట్రోలు తాగించీసేవు. మింగలేక పోతంది" అని, ప్లగ్గు లుంగీ అంచుతో తుడిచి, మిషను తిరగేసి నాచేత తాడు లాగించాడు. లోపలి పెట్రోలు చింది బయటపడింది. ప్లగ్గు బిగించి లాగితే స్టార్ట్ అయింది. కాసేపు తిరిగి మళ్లీ పోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"కంగారెట్టకు. అది సెప్తంది, ఇను" అంటూ పెట్రోలు ట్యాంకు మూత వదులు చేశాడు. సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకుంది. "సూసేవా? ఊపిరాడట్లేదు పాపం. అమ్మా, ఓ పిన్నీసియ్యండి."

మాస్టారి భార్య గాజులకున్న పిన్నీసు తీసి కిటికీలోంచి అందించింది. మూతకున్న చిన్న కన్నంలో రంపంపొట్టు గట్టిపడిపోయింది. పిన్నీసుతో అది పొడిచి తీశాడు. లాగాను. ఈసారి ఆగలేదు.

కొయ్యడానికి వంగబోతే భుజం పట్టుకుని ఆపాడు. సంచిలోంచి ఒక కొత్త రెక్క తీశాడు. నా మిషను మోడల్‌దే. "అప్పుడే తెప్పించేను. నువ్వు రాలేదు" అన్నాడు. బిగించి, చేత్తో రెండుసార్లు ఆడించి చూసి, "ఇప్పుడు కొయ్యి" అన్నాడు. మొద్దు మీద రంపం పెట్టాను. గంటలో దారి వచ్చింది. మాస్టారిని కుర్చీతో సహా ఎత్తి కారు దాకా మోశాం. కుర్చీ ముందు కాళ్లు నేను పట్టుకున్నాను, వెనక కాళ్లు బావ.

ఆ రోజు ఆయన నన్ను క్షమాపణ అడగనివ్వలేదు. ఇంటికి తీసుకెళ్తే అక్క ఇద్దరికీ వేడివేడిగా ఉప్మా పెట్టింది. అంతే. ఆ తర్వాత పనిలేని ప్రతి సాయంత్రం షాపులో ఆయన పక్కన కూర్చునేవాణ్ని.

మొన్న నాతవరం దగ్గర ఒక జీడితోటలో మిషను మొరాయించింది. చెయ్యి తాడు మీదకు పోబోతే ఆపుకున్నాను. ఒక రాయి మీద కూర్చుని, ఆఖరున ఎప్పుడు తిరిగిందో నన్ను నేనే అడిగాను. స్విచ్చు సరిగ్గానే ఉంది. పెట్రోలు ఉంది. ప్లగ్గు పొడిగా ఉంది, నిప్పు రావడం లేదు. కొత్తది వేస్తే రెండో లాగుకే అందుకుంది. ఈ సంగతి చెప్పాలని వెనక్కి తిరిగాను. జీడిచెట్లు తప్ప ఎవరూ లేరు.

తోట యజమాని దూరం నుంచి, "బాగయ్యింది కదా, కొయ్యవేటి?" అని కేకేశాడు.

"కాసేపాగండి" అన్నాను.

మిషను నేల మీద పెట్టి, పక్కనే కూర్చున్నాను. నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా తిరుగుతోంది. దాని అదురుకి కింద ఎండిన జీడాకులు సన్నగా వణుకుతున్నాయి. ట్యాంకులో పెట్రోలు అయిపోయి తనంతట తనే ఆగేదాకా వింటూ కూర్చున్నాను.