నిచ్చెనకు టికెట్టు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. అయిపోయిన పెళ్ళిని నిజమేనని నమ్మించడానికి ఎన్ని నిజాలాడాలో మాత్రం చెప్పకుండా పోయారు. ఆ లెక్క తేల్చుకునే పని కళ్ళజోళ్ళ షాపు అమ్మాయి నెత్తిన పడింది.

అమ్మాయి అంటే మరీ అమ్మాయేం కాదు, నలభై దగ్గరపడింది. అయినా వీధి వీధంతటికీ ఆమె అద్దాలమ్మాయే. ఎవరు షాపులో అడుగుపెట్టినా ముందు వాళ్ళ ముక్కు చూస్తుంది. ఆ ముక్కు మీద ఫ్రేము నిలుస్తుందా జారుతుందా తేలాకే మిగతా మనిషిని పలకరిస్తుంది. పేర్లు మరిచిపోతుంది గానీ పవర్ మరిచిపోదు. "మన మైనస్ మూడున్నర గారబ్బాయికి ఉద్యోగం వచ్చిందట" అంటుంది. వినేవాళ్ళకు అర్థం కాకపోతే వాళ్ళ ఖర్మ.

ఆ షాపులో అద్దాలను ఫ్రేముకు తగ్గట్టు అరగదీసే మెషిన్ ఒకటుంది. అది మొరాయిస్తే, తయారుచేసిన కంపెనీవాళ్ళు దేశంకాని దేశం నుంచి ఒక మెకానిక్‌ని పంపారు. ఆమె మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి మెషిన్ కిందనుంచి రెండు కాళ్ళు బయటికొచ్చి, గది సగందాకా పరుచుకుని ఉన్నాయి. "ఎవరండీ?" అంటే కాళ్ళు ముడుచుకున్నాయి. కాసేపటికి నూనె మరకల ముఖం ఒకటి పైకి లేచింది. లేచింది, లేచింది, ఇంకా లేస్తూనే ఉంది. అంత పొడుగు. కళ్ళజోడు ఒకవైపు వాలి ఉంది. అద్దాలమ్మాయి మాటా పలుకూ లేకుండా ఆ కళ్ళజోడు తీసి, వంకరపోయిన కాడ సరిచేసి, మునివేళ్ళ మీద నిలబడి మళ్ళీ ఆయన ముక్కు మీద పెట్టింది. ప్రేమంటే అదేననుకోవాలి మనం. అంతకు మించిన వివరం వాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఒక్కరోజు రిపేరుకు వచ్చినవాడు ఏడాదిలో చాలాసార్లు వచ్చాడు. మెషిన్ అన్నిసార్లు ఎందుకు పాడైందో మెషిన్‌కే తెలియాలి. వచ్చినప్పుడల్లా నాలుగు తెలుగు ముక్కలు నేర్చుకుని వెళ్ళాడు. చివరికోసారి వచ్చి, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకుని, ఆమె ఇంట్లోనే దిగాడు. ఉండటానికిచ్చిన గడువు అయిపోగానే ప్రభుత్వం వారు దయచేయమన్నారు. భార్య తన పూచీ మీద పిలిపించుకుంటే తప్ప మళ్ళీ రావడానికి వీల్లేదన్నారు. ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆమె ఫారాలు తెచ్చుకుని కూర్చుంది.

ఇక పెద్దమ్మ సంగతి చెప్పాలి. తల్లి పోయాక అద్దాలమ్మాయిని పెంచి పెద్దచేసింది ఆవిడే. బస్సుల్లో టికెట్లు చెక్ చేసే ఉద్యోగం చేసి రిటైరైంది. ఆవిడ బస్సెక్కితే టికెట్ ఉన్నవాళ్ళు కూడా జేబులు తడుముకునేవారు. ఆవిడతో చెబితే ఒప్పుకోదని భయపడి, అద్దాలమ్మాయి సంతకాలయ్యాక చెప్పింది. పెద్దమ్మ విన్నది. మెకానిక్‌ని కిందనుంచి పైదాకా చూసింది. "వీడు మా ఇంట్లోకి టికెట్ లేకుండా ఎక్కాడు. పైగా మనిషి కాదిది, నిచ్చెన" అంది. ఆ రోజునుంచి మెకానిక్ పేరు నిచ్చెన, అద్దాలమ్మాయితో మాటలు బంద్.

మాటలు బంద్ అయినా ఒకే ఇల్లు కదా, పాలు అయిపోతాయి, గ్యాస్ అయిపోతుంది. చెప్పుకోకపోతే ఎలా? గోడలకు చెవులుంటాయంటారు. వాళ్ళింట్లో గోడకు ఉద్యోగం కూడా ఉండేది. "గోడా, పాలు లేవని చెప్పు" అనేది పెద్దమ్మ వంటగది గోడకేసి చూస్తూ. "గోడా, సాయంత్రం తెస్తానని చెప్పు" అనేది అద్దాలమ్మాయి. పాపం గోడ, ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

అలాంటి ఇంట్లో, భోజనాల బల్ల మీద ఫారం నింపడం మొదలైంది. ఫారమా అది! ఆవగింజంత గడి, కొండంత ప్రశ్న. "మీరిద్దరూ మొదట ఎలా కలుసుకున్నారు? వివరంగా రాయండి" అని అడిగి సగం లైను చోటిచ్చారు. అద్దాలమ్మాయి ఆలోచించి "మెషిన్ కింద" అని రాసింది. చదువుకుంటే ఏదోలా అనిపించి కొట్టేసింది. కొట్టివేతలు ఉండరాదని అడుగున సన్నని అక్షరాలున్నాయి. కొత్త ఫారం తెచ్చుకుంది.

"మీ భర్త ఎప్పుడైనా సాయుధ ముఠాల్లో పనిచేశారా?" అని ఇంకో ప్రశ్న. ఫోన్ చేసి అడిగింది.

"స్క్రూడ్రైవరు ఆయుధమేనా?" అన్నాడు ఆయన తన కొత్త తెలుగులో, మహా కంగారుగా.

"నీ మొహం. లేదని రాస్తున్నా."

"మీ భర్తకు వాడుకలో వేరే పేర్లు ఉన్నాయా?" అన్న ప్రశ్న పైకి చదివిందో లేదో, పప్పు కడుగుతున్న పెద్దమ్మ అందుకుంది. "గోడా, నిచ్చెన అని రాయమని చెప్పు. అబద్ధం రాస్తే జైల్లో వేస్తారు."

తర్వాత, ఈ పెళ్ళి నిజమైనదేనని తెలిసినవాళ్ళు ముగ్గురు రాసివ్వాలన్నారు. పక్క షాపు గడియారాలాయన, ఎదుటి వీధి కంటి డాక్టరు, ఇంటి ఓనరు సంతోషంగా ఒప్పుకున్నారు. "దానిదేముందమ్మా, ఏం రాయాలో నువ్వే ఒక కాగితం మీద రాసివ్వు" అన్నారు ముగ్గురూ ఒకే మాటగా. ఆమె ఒక నమూనా రాసి మూడు కాపీలు తీయించి ఇచ్చింది. కొంప మునిగింది అక్కడే. ఇచ్చినదాన్ని పొల్లు పోకుండా ఎక్కించారు మహానుభావులు. "నేను, ఇక్కడ మీ వృత్తి రాయాలి, ఈ దంపతులను బాగా ఎరుగుదును" అని గడియారాలాయన రాశాడు. ఓనరూ అదే రాశాడు. ఓనరు రాత ఇంకాస్త గుండ్రంగా ఉంది, అంతే తేడా. డాక్టరు గారు మాత్రం మందుల షాపువాళ్ళకు తప్ప నరమానవుడికి అర్థంకాని రాతలో రాసి పరువు దక్కించుకున్నారు. మూడూ అంటించిన కవర్లలో వచ్చాయి. చదవకుండానే ఆమె జత చేసి పంపేసింది.

వీసా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. మొదటి రెండూ ఒకరే చెప్పి రాయించినట్టు ఉన్నాయట. మూడోది ఏ భాషో తెలియలేదట. పెళ్ళి ఫోటోలో అమ్మాయి తరపువాళ్ళు ఒక్కరూ లేరేమని కూడా అడిగారు. కాబట్టి ఆమెతో ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువెవరైనా సొంత మాటల్లో రాసి, జతచేసిన ఫారం నింపి ఇవ్వాలి, ఈ నెలాఖరులోగా అందకపోతే దరఖాస్తు తిరస్కరిస్తాం, ఆ తర్వాత కొన్నేళ్ళదాకా మళ్ళీ పెట్టుకోవడానికి వీలుండదు అని రాశారు.

ఒకే ఇంట్లో ఉండే దగ్గరి బంధువు ఆ క్షణాన వంటగదిలో గోడతో ఉల్లిపాయల గురించి మాట్లాడుతోంది.

అద్దాలమ్మాయి వెళ్ళి ఎదురుగా నిలబడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి గోడను తప్పించి నేరుగా అడిగింది. "పెద్దమ్మా, ఒక్క కాగితం రాసిపెట్టవూ?"

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుంది. ఆ కళ్ళజోడు కాడ విరిగి ఎన్నాళ్ళో అయింది. అద్దాల షాపు సొంత కూతురులాంటిదానిదైనా ఆవిడ ఆ గడప తొక్కలేదు. నల్లదారంతో కట్టుకుని లాగిస్తోంది.

"గోడా, నేను చూడని పెళ్ళికి సాక్ష్యం ఎలా చెప్తానో అడుగు. చూసింది చూశానంటాను, చూడంది చూళ్ళేదంటాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను చేసిందదే."

"నువ్వు వద్దంటావని భయపడ్డాను పెద్దమ్మా."

"వద్దనేదాన్నే! వద్దన్నానని నువ్వు నన్ను తిట్టుకునేదానివి. ఆ తర్వాత ముఖం మాడ్చుకునైనా వచ్చి ఓ మూల కుర్చీలో కూర్చునేదాన్ని. ఆ కుర్చీ కూడా లేకుండా చేసిందే గోడా ఇది!"  నెపం ఉల్లిపాయల మీదికి తోసేసి ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

 కోపమంతా నిచ్చెన మీదనుకుంది అద్దాలమ్మాయి ఇన్నాళ్ళూ. ఆ కోపం ఒక కుర్చీ కోసమని ఆమెకు తట్టనే లేదు. సిగ్గుతో, బాధతో గదిలోకి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది. ఇక ఆశ లేదేమో అంది.

 "అత్తయ్య కళ్ళజోడు మార్చిందా?" అని అడిగాడు ఆయన.

"ఇంకా దారమే."

"ముందు అది చూడు. ఆవిడకి మెట్లు సరిగ్గా కనబడవు" అన్నాడు.

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అద్దాలమ్మాయికి మొదట అలాగే అనిపించి ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు ఏడ్చింది. మూడు గదుల ఇంట్లో ఫోన్ మాటలైనా ఏడుపైనా ఎంత దూరం పోతాయో అందరికీ తెలిసిందే.

మర్నాడు మధ్యాహ్నం షాపు తలుపు గంట మోగింది. పెద్దమ్మ. చేతిలో సంచీ, ముఖంలో టికెట్లు చెక్ చేసేటప్పటి బిగువు.

"ఇక్కడ కళ్ళు చూస్తారా?" అని అడిగింది, ఊరికి కొత్తగా వచ్చినదానిలా.

"చూస్తామండీ. కూర్చోండి" అంది అద్దాలమ్మాయి, కుర్చీ జరుపుతూ.

దారం కట్టిన కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. అద్దాలు మార్చి మార్చి చూసే ఇనుప ఫ్రేము ఆవిడ ముక్కు మీద నిలబెట్టింది. ముక్కు తన ముక్కులాంటిదే, వంశం ముక్కు. ఇన్ని నెలలకు ఆ ముఖాన్ని ముట్టుకోవడం ఇదే. ఒక అద్దం వేసింది, తీసింది, ఇంకోటి వేసింది.

"ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"ఇందాకే బాగుంది. ఎందుకు మార్చావ్?" అని కసురుకుంది పెద్దమ్మ. కసురుకున్నాక, గోడ మధ్యలో లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. 

పవర్ తేలింది. అద్దాలమ్మాయి మెషిన్ ఆన్ చేసి అద్దాలు అరగదీసింది. పెద్దమ్మ ఆ గరగర వింటూ కూర్చుంది.

"ఆ నిచ్చెన బాగుచేసిన మెషిన్ ఇదేనా?"

"ఇదే."

"తిరుగుతోందే ఆగకుండా" అంది, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు.

కొత్త కళ్ళజోడు పెట్టుకుని షాపంతా కలయజూసింది. ధరల చీటీలు చదివింది, ఒకదానిలో తప్పు పట్టింది. అప్పుడు సంచీలోంచి ఆఫీసువాళ్ళ ఫారమూ తెల్లకాగితాలూ పెన్నూ తీసి, కౌంటరు మీద మోచెయ్యి ఆనించి రాయడం మొదలుపెట్టింది. ఇద్దరు కొనేవాళ్ళు వచ్చి ఫ్రేములు చూసి వెళ్ళినా తల ఎత్తలేదు. రాసి, ముగించి, "విను. తప్పులుంటే చెప్పు. మార్చను గానీ చెప్పు" అని గట్టిగా చదివింది.

"నేను బస్సుల్లో టికెట్లు చెక్ చేసి రిటైరైనదాన్ని. ఈ పిల్లకు పెద్దమ్మను. వీళ్ళ పెళ్ళి నేను చూడలేదు. నన్ను పిలవలేదు. ఫోటోలో లేనిది అందుకే. దానికి నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది, రాసుకోండి. చూసింది మాత్రం రాస్తున్నాను. ఆ మనిషి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గిన్నెలు తీసినచోట పెట్టలేదు. దాని గురించి ఇద్దరూ రోజూ కీచులాడుకునేవారు. దొంగ పెళ్ళి చేసుకున్నవాళ్ళు మూకుడు కోసం అంత పోట్లాడరు."

అద్దాలమ్మాయి నవ్వబోయింది. పెద్దమ్మ ఆగకుండా చదువుతోంది.

"అతను గడ్డం గీసుకోవడానికి వెనక గదిలో అద్దం తన ఎత్తుకు తగిలించుకున్నాడు. అతనెంత ఎత్తో మీ కాగితాల్లోనే ఉంది. మా పిల్ల అతని భుజం దాకా కూడా రాదు. అతను వెళ్ళి ఎనిమిది నెలలైంది. ఇది ఇప్పటికీ రోజూ పొద్దున్నే పీట ఎక్కి తల దువ్వుకుంటోంది. మేకు తీసి కిందికి కొట్టుకుంటే అయిపోయే పని. కొట్టుకోదు. బట్టలారేయడానికి ఆ గదిలోంచే బాల్కనీకి వెళ్తూ నేను రోజూ చూస్తున్నాను. టికెట్ లేనివాళ్ళను వేలమందిని బస్సు దింపాను. ఇతన్ని దింపక్కర్లేదు."

అద్దాలమ్మాయి కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయింది. పీట ఎక్కుతున్నానన్న సంగతి ఆమెకే తెలియదు. పొద్దున లేవడం, పీట జరుపుకోవడం, దువ్వుకోవడం, దిగడం. ఆ అద్దం అక్కడే ఉండాలని ఎందుకు అనుకుందో ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏడుపు వచ్చేదేమో. ఇప్పుడు వచ్చింది. కొత్త కళ్ళజోడులోంచి పెద్దమ్మకు అది స్పష్టంగా కనిపించింది కూడా.

"ఏడవకే, కాగితం తడుస్తుంది" అంది పెద్దమ్మ. ఆఫీసువాళ్ళు పంపిన ఫారంలో ఇంకా ఒక గడి ఖాళీగా ఉంది. వేలు పెట్టి చదివింది. దరఖాస్తుదారు భర్తకు మీరేమవుతారు?

పెన్ను గడి మీద ఆగింది. ఆవిడ ఒకసారి మెషిన్‌కేసి చూసింది. కళ్ళజోడు పైకి తోసుకుని, గడిలో పట్టకపోయినా పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. "అత్తగారిని."

ఈసారి ఆఫీసువాళ్ళు ప్రశ్నలేమీ వెయ్యలేదు. అనుమతి కాగితం వచ్చిన రోజు పెద్దమ్మే తలుపు తీసి అందుకుంది. పాత అలవాటు పోనిచ్చుకోకుండా ముందు ఒకవైపు, తిప్పి రెండోవైపు, వెలుతురుకు పెట్టి ముద్ర కూడా చూసింది. "సరిగ్గానే ఉంది" అని అద్దాలమ్మాయి చేతిలో పెట్టింది.

అద్దాలమ్మాయి ఫోన్ కోసం వెనక గదిలోకి పరుగెత్తబోయింది.

"ఒసేయ్, ఆగు!" అని పెద్దమ్మ వెనకనుంచి కేకేసింది. గోడ వైపు చూడనైనా లేదు. "వచ్చాక గిన్నెలు మాత్రం తీసినచోట పెట్టమని చెప్పు మీ ఆయనకి."