కలలో దిద్దిన కళ్ళు

ఊరి దేవతను నిద్రపుచ్చిన మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా? చూడకపోతే టెక్కలి బస్టాండు వెనక సందులోకి రండి, చూపిస్తాను. నేనే. దేవుడి బొమ్మలకు రంగులు వేసి బతుకుతాను. ఊరంతా కొత్త చీరలు కట్టి, డప్పులు కొట్టుకుంటూ, పసుపునీళ్ళ కుండలు నెత్తిన పెట్టుకుని ఎదురుగా నిలబడ్డ వేళ నా ఘనకార్యం బయటపడింది. నవ్వుకోండి, ఏమీ అనుకోను. నేనూ నవ్వుతూనే మొదలుపెడుతున్నాను గానీ చివరిదాకా నవ్వగలనో లేదో చెప్పలేను.

అప్పట్లో నాకు నిద్రంటే చిన్నచూపు. సంబరాల సీజన్‌లో వచ్చిన ప్రతి పనికీ సరే అనేశాను. నందిగాంలో గోపురం మీది బొమ్మలు, పలాసలో గుడి ముఖద్వారానికి సింహాలు, మధ్యలో ఎవరో ఒక గరుత్మంతుడు. ఒక ఊళ్ళో కుంచె కడిగి ఇంకో ఊళ్ళో ముంచేవాణ్ని. టీ తాగి తాగి నాలుకకు రుచి పోయింది. పైగా "నిద్రపోయేవాడు కూలి, మేలుకునేవాడు కళాకారుడు" అని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకున్నాను. అది నా సొంత కవిత్వం, ఇంకెవరి మీదా నెపం వేయకండి.

నా భార్య మాత్రం పలాస వెళ్ళి సింహాలను చూసి వచ్చి అడిగింది.

"ఆ సింవాలకి మీసాలు మెలితిప్పినారేటి?"

"సింహానికి మీసాలు ఉంటాయి కదే."

"ఉంటాయి. మా నాన్న మీసాల్లాగుంటాయేటి? కాసేపు పడుకోండి, మీకు దండం పెడతాను."

పడుకోలేదు. ఆ మర్నాడే ఉద్దానం బయలుదేరాను. మా అమ్మ పుట్టిన ఊరు అక్కడే. అక్కడి అమ్మవారికి సిమెంటుతో కొత్త విగ్రహం చేయించారు. రంగులూ కళ్ళూ నా వంతు. ఆ విగ్రహం కోసం ఊరందరినీ వేధించి కదిలించింది వరసకు నాకు మేనమామ అయ్యే అప్పన్న మావ. ఒకప్పుడు కొబ్బరిచెట్టు ఎక్కితే కిందనుంచి చూసేవాళ్ళకు మెడ నొప్పి పుట్టేది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇంటింటికీ పట్టిన జబ్బే తనకూ పట్టి, కిడ్నీలు పాడై, వీధి గట్టు ఎక్కడానికి కూడా భార్య దాలమ్మ అత్త భుజం పట్టుకుంటున్నాడు. వారంలో సగం రోజులు ఆటోలో పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవడంతోనే సరిపోతోంది.

నన్ను చూడగానే పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అల్లుడా, అమ్మోరికి కళ్ళు బాగా పెట్టాల. పెద్దవి. మనిషిని సూటిగా సూసేవి."

"ఏం మావా, మొక్కుకున్నావా?"

"మొక్కులన్నీ అయిపోనాయి. ఇప్పుడు అడగాల. మా నాన్న పోనాడు, అన్న పోనాడు, ఇప్పుడు నా వొంతు. ఈ ఊరు నీకేటి సేసిందమ్మా అని ఆవిడ కళ్ళల్లోకి సూసి అడగాల. పాత బొమ్మకి మొహం అరిగిపోనాది. మొహం నేని మనిషినేటి అడుగుతాం?"

నాకు నవ్వొచ్చింది. అతని మొహం చూశాక ఆ నవ్వు నోట్లోనే ఆగిపోయింది. మాట మార్చడానికి, నిద్ర పడుతోందా అని అడిగాను.

"నిద్దరేటి? ఒళ్ళంతా దురద. కాళ్ళు ఊరుకోవు. ఎంత దొర్లినా తెల్లారదు."

"నేనూ అంతే మావా. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అన్నాను గొప్పగా.

"నీకు నిద్దర రాదా?"

"వస్తాది. నేనే పోను."

"వచ్చిన నిద్దరని తన్నేత్తన్నావేటి" అన్నాడు మెల్లగా.

ఇక్కడ ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. అమ్మవారికి కళ్ళు అన్నిటికన్నా చివర పెడతారు. సంబరం నాటి పొద్దున్నే తెర కట్టేస్తారు. లోపల బొమ్మ, రంగులవాడు, ఇద్దరే. కళ్ళు దిద్దగానే తల పక్కకు తిప్పుకుని అమ్మవారికి అద్దం చూపించాలి. తన చూపు మొదట తానే చూసుకోవాలట. రంగులవాడు మళ్ళీ తలెత్తకుండా బయటికి వచ్చేయాలి. ముర్రాట వేళకు, అంటే ఆడవాళ్ళు పసుపునీళ్ళు తెచ్చి పోసే వేళకు, తెర తీస్తారు. అందాకా ఎవరూ చూడకూడదు. తప్పు చేసినవాడు పట్టుబడకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఇంకెక్కడా ఉండదు.

తెర లోపలికి వెళ్ళాను. మొహమంతా అప్పటికే పసుపు రంగు వేసి ఉంది. కనురెప్పల అంచు నల్లగా గీశాను. తెల్లరంగు డబ్బా మూత తీశాను. తర్వాత తెల్లగుడ్డు వేశాను, నల్లగుడ్డు దిద్దాను, అందులో వెలుగు చుక్క పెట్టాను. ఆ కళ్ళు నావైపు తిరిగి చూస్తే ఒళ్ళు జలదరించింది. తల తిప్పుకుని అద్దం చూపించి బయటికి వచ్చాను.

"అయినాదా?" అన్నాడు కమిటీ ప్రెసిడెంటు.

"నా జన్మలో అలాంటి కళ్ళు పెట్టలేదండి" అన్నాను.

అది అక్షరాలా నిజమని తెర తీశాక తెలిసింది. తెల్లరంగు డబ్బా మూత తీసిన దగ్గరే నాకు కునుకు పట్టింది. మిగతాదంతా కలలో దిద్దాను. ఆ తర్వాత అద్దం చూపించడం ఒక్కటే మెలకువలో చేసిన పని.

డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి. అమ్మవారు పసుపు రెప్పలు వాల్చి హాయిగా పడుకుని ఉంది.

"ఏటిది?" అన్నాడు ప్రెసిడెంటు.

"ధ్యానం అండి. ఇప్పుడు అంతటా ఇదే మోడల్."

"సంబరం పూట ధ్యానమేటి? సేతిలో కత్తెట్టుకుని ధ్యానమా?"

వెనక నుంచి ఎవరో, "ముర్రాట మొహమ్మీద పోత్తే లేత్తాదేమో" అన్నారు. నలుగురు నవ్వారు. అంతలో ముందు వరసలో కుండతో నిలబడ్డ ఒక ముసలమ్మ ఏడుపు మొదలుపెట్టింది.

"అందుకే మన గోడు ఇనబడనేదు. పడుకున్నాది తల్లి" అంది.

ఆ తర్వాత ఇంకెవరూ నవ్వలేదు. అప్పన్న మావ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచాడు. మెట్ల దాకా నడిచి, వంగి, అమ్మవారి మొహంలోకి చూశాడు. అతను నన్ను నాలుగు తన్ని ఉంటే బాగుండేది.

"అడుగుదామనొచ్చాను. పడుకున్న మనిషినేటి అడుగుతాం?" అన్నాడు.

కుంచె అందుకుని, ఇప్పుడే దిద్దేస్తానని పైకి ఎక్కాను. కుంచె కంటి దగ్గర ఆగకుండా ముక్కు మీదికి పోతోంది. మావ కిందనుంచి నా పంచె పట్టుకుని లాగాడు.

"ఇప్పుడు పెడితే మెల్లకన్ను పెడతాడు. ముర్రాట సాయంత్రం పోసుకుందాం. ముందు ఈడ్ని పడుకోబెట్టండి."

అలా ఒక ఊరి సంబరం నా కునుకు కోసం ఆగింది. మైకు కట్టేశారు. డప్పులవాళ్ళను జీడితోటలోకి పంపేశారు. ప్రెసిడెంటు స్వయంగా కుక్కలను తోలాడు. దాలమ్మ అత్త తన వీధి అరుగు మీద చాప వేసింది. మావ పక్కనే మంచం మీద కూర్చుని, తువ్వాలుతో నా మీద ఈగలు తోలుతున్నాడు.

"నువ్వూ పడుకో మావా."

"నాకు రాదు. నువ్వు పడుకో, సూత్తాను. ఎవరో ఒకరు పడుకుంటే సూడ్డానికైనా బాగుంటాది."

ఆ మాటకు ఏడుపొచ్చింది. కానీ ఏడవడానికి కూడా మేలుకుని ఉండలేకపోయాను.

లేచేసరికి ఎండ చల్లబడింది. చెయ్యి ముందుకు చాపి చూసుకున్నాను, నిలకడగా ఉంది. తెర లోపలికి వెళ్ళి రెప్పల గీత తుడిచి కళ్ళు పెట్టాను. ఈసారి నిజంగా. అవి కలలో పెట్టినంత అందంగా రాలేదు గానీ సూటిగా చూస్తున్నాయి. ఎవరు ఏమడిగినా తప్పించుకోలేని చూపు అది. అద్దం చూపించి, మావను పిలవడానికి పరుగెత్తాను.

అరుగు దగ్గరే దాలమ్మ అత్త నోటి మీద వేలు పెట్టి నన్ను ఆపింది. మావ మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ఈగలు తోలే తువ్వాలు చేతిలోనే ఉంది.

"నీ గురక ఇనుకుంటా పడుకున్నాడు" అంది గొంతు తగ్గించి.

"కళ్ళు పెట్టేశాను అత్తా. ఊరంతా కాచుకుని ఉంది. లేపు. అమ్మవారిని అడగాలన్నాడు కదా."

ఆమె మావ కాళ్ళ వైపు చూసింది. ఎప్పుడూ ఊరుకోని ఆ కాళ్ళు కదలడం లేదు.

"ఈ నిద్దర ఎన్నాళ్ళకొచ్చిందో నాకు తెలుసు. నేను లేపను. అమ్మోరిని ఉండమను" అంది.

ముర్రాట మావ లేకుండానే పోశారు. తర్వాత ఎప్పుడు అడుగుతావని నేనంటే, "అడుగుతాను లేరా, ఆవిడెక్కడికి పోద్ది" అనేవాడు. ఆవిడ ఎక్కడికీ పోలేదు. వానలు పడేసరికి మావే పోయాడు. అడగకుండానే పోయాడు. అతని బదులు నేను అడుగుదామని ఒకసారి ఆ కళ్ళ ముందు నిలబడ్డాను. నాకు నోరు రాలేదు.

కాబట్టి ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నిద్ర చాలని చేత్తో ఇక ఏ దేవత కంటికీ కుంచె తాకించను. ప్రెసిడెంట్లు తొందర పెట్టినా, మైకులు మోగినా, ముందు చాప వేసుకుంటాను. నిద్రపోతున్న మనిషిని సాక్షాత్తూ అమ్మవారే వీధిలో కాచుకుని ఉన్నా లేపను. ఒట్టు.