మా మేనత్త నూనె పూసిన తెడ్లు

మొన్న మా కోడలు అప్పడాలు వేయించగా మిగిలిన నూనెలో గుడ్డ ముంచి, కూరలు తరిగే చెక్కపలకకి రాయబోతుంటే, ఆ గుడ్డ చేతిలోంచి లాక్కుని చెత్తబుట్టలో పడేశాను. ఆ పిల్ల బిత్తరపోయింది. నా కోపం తన మీద కాదు, పోయి ఏళ్ళయిన మా మేనత్త మీద.

నరసాపురంలో మా చర్చి విందులకి మేమే వండుకునే రోజులవి. మనిషెత్తు తెడ్లు, మాంసం కొట్టే చింతమొద్దు, చెక్క గరిటెలు, అన్నీ చూసుకునేది మా అమ్మే. విందయ్యాక వాటిని కడిగి, నీడన ఆరబెట్టి, గోరువెచ్చని కొబ్బరినూనె పట్టించి, మర్నాడు పొడిగుడ్డతో తుడిచి చర్చి వంటశాల బీరువాలో పెట్టేది. చెక్క తాగినంత తాగాలి గానీ పైన జిడ్డు మిగలకూడదనేది. ఆ పని చేసేటప్పుడు తప్ప అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చోగా నేను చూడలేదు.

ఒక క్రిస్మసు విందు తర్వాత కొబ్బరినూనె చాలలేదు. రేపు తెచ్చి రాస్తానంది అమ్మ. మేనత్త నాన్నకి అక్కగారు, తన మాటే చెల్లాలనే మనిషి. బాణలిలో మిగిలిన వేపుడు నూనె తెడ్లకి పూసేసి, బీరువాకి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఆ నూనె చెడుతుందని అమ్మ చెప్పబోతే, నూనె నూనే కదా అని కొట్టిపారేసింది.

రెండు నెలలకి, చర్చిలో పంటల పండుగనాడు, వంటకి దిగినవాళ్ళు ఆ తెడ్లతోనే పరమాన్నం కలిపారు. మొదటి ముద్దకే బంతిలో జనం మొహాలు చిట్లించారు. గుండిగెడు పరమాన్నం చెడిన నూనె వాసన కొట్టింది. పాలిచ్చినవాళ్ళూ బియ్యమిచ్చినవాళ్ళూ చూస్తుండగా కాలవగట్టున గొయ్యి తీసి పోశారు.

“తెడ్లు చూసేది మా మరదలండీ, నన్నడుగుతారేంటి?” అంది అత్త, అందరి ముందూ.

“వదినగారూ, ఆ నూనె పూసింది మీరు. తాళమూ మీ దగ్గరే ఉంది,” అంది అమ్మ, గొంతు పెంచకుండా.

“ఇంత నోరున్న తల్లి కూతుర్ని నా ఇంటికి తెచ్చుకోనులే.”

ఆ కూతుర్ని నేనే. బావకీ నాకూ పెళ్ళని మా చిన్నప్పుడే అనుకున్నారు; ఈస్టరు వెళ్ళాక చేసేద్దామనుకుంటున్నారు. నాన్న ఆకు ముందు తలవంచుకుని కూర్చున్నాడే గానీ అక్కని పల్లెత్తు మాట అనలేదు. నీళ్ళబిందె పట్టుకుని పక్కనే ఉన్న బావా నోరు విప్పలేదు. ఆ ముగ్గురిలో ఎవరి మీద నాకు ఎక్కువ కసో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ తర్వాత అమ్మ ఆ వంటశాలలో అడుగుపెట్టలేదు. ప్రార్థనకి వెళ్ళినా అత్త ఉన్న చాప మీద కూర్చోలేదు. నన్ను పాలకొల్లు ఇచ్చారు. మావారు మంచివారు, ఆ మాట దాచను. అయినా అత్త పోయినప్పుడు సమాధి దాకా వెళ్ళి, ఒక్క కన్నీటిచుక్క రాల్చకుండా తిరిగొచ్చాను.

ఇప్పుడు ఆ చర్చి విందులకి కేటరింగువాళ్ళొస్తున్నారు. అన్నీ స్టీలువే. నూనె పట్టించే పనీ లేదు, ఆ వంకన ఒకచోట చేరి నవ్వుకునే, తిట్టుకునే ఆడవాళ్ళూ లేరు. బావ కడియంలో మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు. ఏ పెళ్ళిలోనో ఎదురైతే చేతులు జోడించి, “బాగున్నారాండీ?” అంటాడు. చిన్నప్పుడు వీధి చివరినుంచి “ఒసేయ్” అని కేకేసిన మనిషి.

బాగున్నానండీ అని నేనూ చేతులు జోడిస్తాను.