ప్రభుదాసు తీసేసిన గొంతు

ప్రభుదాసు అంటే నాకు గిట్టదు. పాత స్పూల్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించేవాడు నంద్యాలలో అతనొక్కడే కాబట్టి పోయాను గానీ, లేకపోతే ఆ గడప తొక్కేవాణ్ణి కాదు. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకూ ప్రార్థన కూడికలకూ మైకుసెట్లు కట్టిన మనిషి. మామూలు మాట కూడా అరిచే చెబుతాడు. వచ్చినవాణ్ణి కూర్చోమనడు, మంచినీళ్ళడిగితే కుండ వైపు చూపిస్తాడు. పైగా టేపు తెచ్చినవాళ్ళు అది ముగిసేదాకా ఎదుటే ఉండి వినాలని పట్టు. "మీ ఇంటోళ్ళ గొంతు మీకే పట్టకుంటే నాకేం పని?" అంటాడు.

నేను తీసుకుపోయింది మా నాయన చదివిన ఆళ్వార్ల పాశురాల టేపు. అహోబిలం గుడిలో పాశురాలు చదివే గోష్ఠిలో ఒక్క అక్షరం తడబడని మనిషని ఆయనకు పేరు. యాభై ఏళ్ళ కిందట ఒక వర్తకుడు రికార్డర్ తెచ్చి మా ఇంట్లోనే ఆ పాశురాలు పట్టాడు. ప్రభుదాసు టేపును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"టేపు మీద పూత రాలిపోతాంది సామీ. ఒక్కసారికే వస్తాది. గమ్మునుండు."

నన్ను గమ్మునుండమనే మనిషి మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. పళ్ళు కొరుక్కుని కూర్చున్నాను.

టేపు తిరగడం మొదలైన పది నిమిషాలకు అందులో నాయన ఆగిపోయాడు. లోపలి గదిలోంచి ఒక ఆడపిల్ల తర్వాతి మాట అందించింది. నాయన అందుకుని సాగాడు. కాసేపటికి మళ్ళీ ఆగాడు, మళ్ళీ ఆ గొంతే. మొత్తం పదకొండు సార్లు. అది మా ఆండాళక్క. అప్పటికి తనకు పదమూడేళ్ళు.

ఆరేళ్ళ కిందట నాయన తిథినాడు, "ఇంట్లో నాయనకు మాట అందించింది నేనే" అని అక్క అంటే, బంధువులందరి ముందు "అబద్ధాలాడొద్దు" అని కసిరాను. ఆడవాళ్ళను గోష్ఠిలో నిలబడనివ్వని కుటుంబం మాది. అక్క అన్న ఆ మాటతో నాయన పరువు పోయినట్టే అనిపించింది. అప్పటినుంచీ అక్క ఆళ్ళగడ్డలో, నేను అహోబిలంలో, మాటల్లేవు. ఇప్పుడు టేపు వింటుంటే సిగ్గేసింది. సిగ్గుకన్నా ముందు కోపం వచ్చింది.

"ఆ ఆడగొంతు తీసేయప్పా," అన్నాను.

"ఎవరిది?"

"ఎవరిదైతే నీకేంది?"

"తీస్తా. తీసినంక మళ్ళా మొత్తం ఇను. ఇనకుండా ఎవురికీ పంపొద్దు."

"నీ కాడ ఇంకో గంట కూర్చునే కర్మ నాకు పట్టలేదు. బిరబిరా తీసియ్యి."

అతను ఎగాదిగా చూసి, తీసి ఫోన్‌లోకి ఎక్కించి ఇచ్చాడు.

బస్సులోనే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. "ఒక్క తడబాటు లేదు, వినండి" అని రాసి మరీ. ఇల్లు చేరేలోపే యశోదమ్మత్త రాసింది: "ఏందిరా చక్రపాణీ, మీ నాయన అన్ని తావుల ఆగిపోతాండాడు?" ఇంకెవరో పదకొండు చోట్లని లెక్క కూడా తేల్చారు. అప్పుడు విన్నాను. అక్క అందించినప్పుడు ఇంట్లో పాఠం నడుస్తున్నట్టుండేది. ఆ గొంతు తీసేసరికి నాయన నలుగురిలో నీళ్ళు నములుతున్నట్టుంది. చెరిపేద్దామంటే అప్పటికే అందరి ఫోన్లలోకీ పోయింది.

ప్రభుదాసుకు ఫోన్ చేసి తిట్టాను.

"మీ నాయన మాట ఒక్కటి ముట్టలేదు సామీ. తీయమన్నదే తీసినా."

"పూర్తిది పంపు."

"ఆ గొంతున్న ఆయమ్మ పంపమనాల. నువ్వు వద్దన్న గొంతు నీ మాట మీద ఇయ్యను."

టేపు పొడైపోయింది. పూర్తి పాశురాలు అతని కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా లేవు. నాయన పేరు నిలబడాలంటే అక్కే దిక్కు.

మర్నాడు పొద్దున్నే ఆళ్ళగడ్డ పోయాను. అక్క తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. గ్రూపులో తనూ విన్నది.

"నువ్వు చెప్పిందే నిజమక్కా. నీ గొంతు టేపులో ఉంది. ప్రభుదాసుకు ఒక్క మాట చెప్పు, పూర్తిది పెడదాం."

"నా గొంతు ఇన్యావా?"

"ఇన్యా."

"ఇనే తీసేపిచ్చినావా?"

ప్రభుదాసు నంబరు తీసి ఫోన్ అక్క ముందు పెట్టాను.

"ఈ ఆరేండ్లూ నీకు తెలీకనే అబద్ధమన్నావనుకుంటి," అంది అక్క. తలుపు వేసేసింది.