మడ అడవిలో దిగిన ఫోటో

పనులన్నీ తెమిలాయి కదా, ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి, దూరంగా కూర్చుంటే ఈ ఏసీ చప్పుడులో నా మాట వినపడదు. నాకు చదువు పెద్దగా అబ్బలేదు గానీ చూసిందేదీ మరిచిపోను. మొన్న శుక్రవారం నేను బియ్యం కడుగుతుంటే మా మేడమ్ కూతురు ఫోన్ తెచ్చి కళ్ళ ముందు పెట్టింది. పచ్చటి చెట్ల మధ్య నీలం నీళ్ళు, ఆ నీళ్ళ మీద రంగురంగుల చిన్న పడవలు. ఎక్కడిదో ఆ పిల్ల చెప్పకముందే పోల్చుకున్నాను. దోహా దాటి ఉత్తరంగా కారులో గంట పోతే వచ్చే తఖీరా మడ అడవి అది. ఒకప్పుడు అక్కడ దిగిన ఒక్క ఫోటో ఎంత పని చేసిందో మన ఈడు వాళ్ళకైతేనే అర్థమవుతుంది.

అప్పటికి మేము దోహాలోనే, ఈ ఐన్ ఖాలిద్‌లో ఇదే ఇంట్లో ఉన్నాం, మా ఆయనది డ్రైవరు పని, నాది వంట. ఒకసారి వంటింట్లో గచ్చు బండలు మార్చడానికి కంపెనీ మనుషులు వచ్చారు. పొంగిపోతున్న పాలని నేను మన భాషలో తిట్టుకుంటుంటే, గోడ పక్కన కూర్చుని సిమెంటు కలుపుతున్న ఒకతను తలెత్తి, "అక్కా, మనోళ్ళేనా?" అన్నాడు. జగిత్యాల పక్క పల్లెటూరు, ఉండేది బిర్కత్ అల్ అవామిర్‌లో కూలీల క్యాంపులో. ఆ రోజు నా చేతి పప్పుచారు తిన్నాడు, ఆ రోజు నుంచి నాకు తమ్ముడయ్యాడు.

ఆ తమ్ముడికి ఫోటోలంటే ప్రాణం. మనవాళ్ళు ఫోటో దిగడమంటే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఎవరిదో కారుకి ఆనుకుని, వెనకాల అద్దాల మేడలు పడేలా నిలబడటమే కదా. ఇతనూ ఇంటికి పంపేవి అవే, కానీ తన కోసం తీసుకునేవి వేరు. ఇసుక మీద గాలి గీసిన గీతలు, ఆరేసిన డ్యూటీ బట్టలు, చాయ్ గ్లాసు మీద పడ్డ ఎండ, ఇలాంటివి. ఇసుక దేశంలో అడవి ఉందట, చూద్దామా అని అతనే అన్నాడు. మాది కోరంగి పక్క, మడచెట్ల బురదలో పీతలు పట్టుకుంటూ పెరిగినదాన్ని, నేను నమ్మలేదు. ఎండలు మొదలవుతున్న రోజుల్లో ఒక శుక్రవారం మేడమ్ కారు ఇస్తే, యల్లా, పదండి అంటూ మా ఆయన బయలుదేరదీశాడు.

ఏం చెప్పను, దారంతా ఇసుకే ఇసుక, కళ్ళు మండిపోయాయి, ఆ ఇసుక అంచున కత్తిరించి అతికించినట్టు అడవి. నేను దిగి ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పగా తగిలింది, మా ఊరి ఆకే. బురదలోంచి మేకులు పాతినట్టు పైకి లేచిన వేర్లూ అవే, అడుగు చప్పుడు వినగానే బొరియలో దూరే పీతలూ అవే. నేను ముచ్చటపడుతూ తిరుగుతుంటే తమ్ముడు మాత్రం ఫోన్ పట్టుకుని బురదలో గొంతుక్కూర్చున్నాడు. పోటు నీళ్ళు నెమ్మదిగా వేర్ల మధ్యకి పాకి వస్తున్నాయి, ఒక్కొక్క వేరు నీడా నీళ్ళలో ఒక్కొక్కటిగా మొలుస్తోంది, దాని కోసం అతను మోకాళ్ళు తడిసినా కదల్లేదు. మా ఆయన హాస్యమాడాడు, ఏమయ్యా, చెట్టుకి పెళ్ళిచూపులా అని. తరవాత ఆ ఫోటో చూసి తనే నోరు తెరిచాడు. అంత మొరటు పని చేసే చేతులకి అంత ఓపిక ఎక్కడిదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

వచ్చేముందు, మా ఇంటామెకు పంపుత, నన్నొకటి తియ్యి బావా అని తమ్ముడంటే మా ఆయన తీశాడు. పంట్లాం మడిచి మోకాలి లోతు నీళ్ళలో తమ్ముడు, వెనక పచ్చటి చెట్లు, బొమ్మ అంచున గాలికెగిరిన నా చున్నీ చెంగు.

ఆ చెంగే కొంప ముంచింది. వాళ్ళ ఊళ్ళో ఖతర్ అనరు, ఏ దేశమైనా దుబాయే, దుబాయ్ అంటే మేడలే. పచ్చటి చెట్లూ, నీళ్ళూ, పక్కన ఆడమనిషి గుడ్డా చూసేసరికి, ఈయన చెప్పాపెట్టకుండా మన దేశం తిరిగొచ్చేశాడని, ఎక్కడో ఇంకో కాపురం పెట్టాడని అతని భార్య, నా మరదలు, తేల్చేసుకుంది. "దుబాయ్ల అడవెక్కడిది? నేనేమన్న పిచ్చిదాన్నా?" అని ఫోన్ పెట్టేసిందట. తమ్ముడు మా ఇంటికొచ్చి, అక్కా, నువ్వొక్క మాట చెప్పు, నీ మాటింటది అని బతిమాలి నా చేతికి ఫోనిచ్చాడు. నేను నాకు చేతనైనంత నెమ్మదిగా, "మీ ఆయన ఎక్కడికీ వెళ్ళలేదమ్మా, ఇక్కడే మా దగ్గరే ఉన్నాడు" అన్నాను. నా యాస పట్టేసి, "ఆంధ్రామెవి కదా నువ్వు" అని ఒక్క మాట అంది, అంతే.

మా ఆయన కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు గానీ తమ్ముడికి నవ్వు రాలేదు. ఆమె తలుపుకి తాళం వేసి పుట్టింటికి పోయింది, ఫోనెత్తడం మానేసింది. అలాంటి చెట్లు మా కాకినాడ వైపే ఉంటాయని ఎవరో చెబితే, ఆమె అన్న బస్సెక్కి అటు వెతకడానికి బయలుదేరతానంటున్నాడట. పని వదిలి పోదామంటే కంపెనీ వాళ్ళు సెలవు మాఫీ, అంటే లేదు పొమ్మన్నారు. తమ్ముడు అన్నం కలిపి, తినకుండా లేచిపోయేవాడు.

తరవాతి శుక్రవారం మళ్ళీ తఖీరా పోయాం. మా ఆయన తన ఫోన్ నుంచి ఆ అన్నకే వీడియో కాల్ చేసి తమ్ముడికిచ్చాడు. తమ్ముడు తన మొహం చూపించలేదు. రోడ్డు మీద అరబ్బీ రాసిన బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఫోన్ ఎక్కడా ఆపకుండా, ఊపకుండా నడిచాడు. ఇసుక, ఎండకి మరిగే గాలి, చాప పరుచుకున్న తెల్ల బట్టల అరబ్బు పెద్దాయన, మళ్ళీ ఇసుక, మళ్ళీ ఇసుక, ఆఖరికి ఆ పచ్చదనం. ఏ కెమెరా మనిషీ అంత నిదానంగా నడవలేడు. పక్కనున్న చెల్లెలితో అంటున్న అన్న గొంతు వినిపించింది, "ఔనే, అరబ్బుల దేశమే."

అప్పుడు మరదలు ఫోన్ తీసుకుంది. అడవి గురించి అడుగుతుందనుకున్నాం. "ఫోన్ ఎనుకకు తిప్పు" అంది. నడిచొచ్చిన దారి వైపు తిప్పాడు. ఇసుకని చాలాసేపు చూసింది.

"గిసొంటి ఎండల్నా నువ్వు పని జేసేది?"

ఇన్నేళ్ళూ తమ్ముడు ఇంటికి మేడల ఫోటోలే పంపాడు గానీ ఇసుకని ఎన్నడూ పంపలేదు.

"గా చెట్ల కిందికి పో" అంది మరదలు. "ఆడనే కూసో. నేను ఫోన్ పెట్టేయమనే దాక లేవకు."

అతను పోయి మడచెట్టు కింద బురదలోనే కూర్చున్నాడు, కూర్చుని మొహానికి ఎదురుగా ఫోన్ పెట్టుకున్నాడు. మేమిద్దరం కారు దగ్గరికి వచ్చేశాం.

ఇప్పుడక్కడ నడవడానికి చెక్కల దారి వేశారు, పడవలు అద్దెకిస్తున్నారు, మెడల్లో పెద్ద పెద్ద కెమెరాలు వేలాడేసుకుని జనం వస్తున్నారు. బురదలో కూర్చునేవాళ్ళే లేరు. తమ్ముడు ఏనాడో ఊరికి పోయి పొలం చూసుకుంటున్నాడు. ఫోటోలకేం, రోజుకి వంద వస్తాయి, వేలితో పక్కకి నెట్టేస్తాం. ఒక్క బొమ్మని పట్టుకుని అంచున గుడ్డ ముక్కతో సహా వెతికి, ఏడ్చి, తాళం వేసి పోయేంతగా చూసే కళ్ళు ఇప్పుడు ఎవరికున్నాయి? ఆ అనుమానంలో ఎంత ప్రేముందో అప్పుడు తెలియక నవ్వుకున్నాం.

ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప దాటి దూరం పోయినవాళ్ళు వేళకి ఇంత తినాలి, వాళ్ళు పంపిన ప్రతి బొమ్మనీ నిలబడి చూసే మనిషి మీ ఇంట్లో ఎప్పుడూ ఉండాలి.